దేవుడు ఇస్తాడు సరే, ఎవరి చేతులతో?

కొత్తగా ఉద్యోగంలో చేరిన క్రైస్తవ యువకులు పాస్టరుగారిని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. దశమ భాగం, అంటే దేవునికి ఇచ్చే పదోవంతు కానుక, లెక్క కట్టాల్సింది పీఎఫ్, పన్ను కోతలకు ముందున్న జీతం మీదా, చేతికొచ్చిన జీతం మీదా? జవాబు సంఘాన్ని బట్టి మారుతుంది. కోతలకు ముందేనని కొందరు గట్టిగా చెబుతారు. ప్రథమ ఫలం దేవునిదే గాని ప్రభుత్వానిది కాదని వారి వాదన. చేతికొచ్చినదానిలో ఇస్తే చాలునంటారు మరికొందరు. పదోవంతు మోషే ధర్మశాస్త్రంతోనే ముగిసిపోయింది, మనసులో నిశ్చయించుకున్నంత ఇవ్వండి అనేవారూ ఉన్నారు. ముగ్గురూ బైబిలు తెరిచే మాట్లాడతారు, ముగ్గురికీ వచనాలు దొరుకుతాయి.

దొరకడంలో వింత లేదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టిన నాలుగు సంగతులను మనం ఒకే కానుక కవరులో వేసి అంటించేశాం. ఇశ్రాయేలు దేశంలో అమలైన పదోవంతు ఒకటి. రేపటి గురించి చింతించవద్దన్న యేసు మాట ఇంకొకటి. యెరూషలేము పేదల కోసం పౌలు కూడబెట్టిన చందా మూడోది. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో పెరిగి టీవీ ఛానళ్ళ మీదుగా మన ఊళ్ళకు చేరిన 'విత్తన కానుక' బోధ నాలుగోది. వీటిని విడదీసి చూస్తే మొదటి మూడింటినీ కలిపే దారం ఒకటి కనిపిస్తుంది. దేవుడు పోషిస్తాడన్న మాట, మనిషి ఇవ్వాలన్న మాట బైబిల్లో చాలావరకు ఒకే మాట. ఒకరికి అందే పోషణ మరొకరి చేతి మీదుగా వస్తుంది. నాలుగో బోధ ఆ దారాన్నే తెంపుతుందని నా అభిప్రాయం.

పదోవంతు తిన్నదెవరు?

ఇశ్రాయేలు గోత్రాల్లో లేవీయులకు భూమి వాటా ఇవ్వలేదు. ఆరాధనా గుడారం పనీ, తరువాత దేవాలయం పనీ వారిది. భూమి ఉన్న గోత్రాలు తమ పంటలో, మందలో పదోవంతు వారికి ఇవ్వాలని సంఖ్యాకాండం 18వ అధ్యాయం చెబుతుంది. లేవీయులు మళ్ళీ అందులో పదోవంతు తీసి యాజకులకు చెల్లించాలి. అంటే మందిరంలో ఉన్నవాడికీ మినహాయింపు లేదు.

ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయానికి వస్తే లెక్క వేరుగా ఉంటుంది. అక్కడ పదోవంతును దేవుడు ఏర్పరచిన స్థలానికి తీసుకెళ్ళి, ఇచ్చినవాడే ఇంటిల్లిపాదితో కలిసి తినాలి. దారి దూరమైతే పంటను అమ్మి, డబ్బు మూటగట్టుకుని వెళ్ళి, అక్కడ ఎద్దులో గొర్రెలో ద్రాక్షారసమో మద్యమో కోరినది కొనుక్కుని దేవుని సన్నిధిలో సంతోషించమంటుంది 26వ వచనం. దశమ భాగం మీద చేసే ప్రసంగాల్లో ఈ వచనం ఎందుకు వినబడదో వేరే చెప్పనక్కరలేదు. మూడేళ్ళకొకసారి మాత్రం ఆ పదోవంతును ఊళ్ళోనే నిల్వ చేయాలి. లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు వచ్చి కడుపునిండా తినాలి.

ఇవి ఒకే పదోవంతు గురించిన మాటలా, రెండు మూడు వేర్వేరు పదోవంతులా అన్నది యూదు పండితులు శతాబ్దాల తరబడి చర్చించిన విషయం. వేర్వేరని లెక్కిస్తే కొన్ని ఏళ్ళలో అది ఆదాయంలో ఐదో వంతు వరకూ పోతుంది. ఎలా లెక్కించినా రెండు సంగతులు మిగులుతాయి. అది ధాన్యం, ద్రాక్షారసం, నూనె, పశువుల మీద, అంటే భూమి ఇచ్చినదాని మీద విధించినది. కూలివాడి కూలి మీద పదోవంతు వేసిన ఆజ్ఞ ధర్మశాస్త్రంలో కనిపించదు. ఇక రెండోది, దాన్ని తిన్నవారిలో భూమి లేనివారు, దిక్కులేనివారు ముఖ్యులు. మనం పన్నులు, రేషను, పింఛను, పండుగ అని విడివిడిగా చెప్పుకునేవన్నీ ఆ ఒక్క ఏర్పాటులో ఇమిడి ఉండేవి.

ఇక మలాకీ 3:10. తెలుగు క్రైస్తవుల్లో ఈ వచనం కంఠతా రానివారు అరుదు. పదోవంతు తెచ్చి నన్ను పరీక్షించండి, 'పట్టజాలనంత విస్తారముగా దీవెనలు కుమ్మరించెదను' అని దేవుడు అంటున్న మాట. దాని వెనక ఉన్న పరిస్థితి నెహెమ్యా 13వ అధ్యాయంలో దొరుకుతుంది. దేవాలయంలో పదోవంతు నిల్వ చేయాల్సిన పెద్ద గదిని యాజకుడు ఎల్యాషీబు తన బంధువు టోబీయాకు ఇచ్చేశాడు. లేవీయులకు రావలసింది రాక, వారు మందిరం పని వదిలి పొలాలకు పోయారు. అంటే తప్పు ఇవ్వనివారిదే కాదు, గది అప్పగించిన పెద్దలదీను. అదే మలాకీ 3వ అధ్యాయంలో 5వ వచనం కూలివాని కూలి ఎగ్గొట్టేవారినీ, విధవరాండ్రనూ తండ్రిలేనివారినీ బాధపెట్టేవారినీ, పరదేశికి అన్యాయం చేసేవారినీ దోషులుగా నిలబెడుతుంది. పదో వచనం చదివించి ఐదో వచనం దాటవేసే ప్రసంగాన్ని సగమే విన్నట్టు లెక్క.

పక్షులూ, సంచీ, రెండు కాసులూ

యేసు డబ్బు గురించి చాలా మాట్లాడాడు. కాని ఏ ఇద్దరికీ ఒకే మాట చెప్పలేదు. ధనవంతుడైన యువకుణ్ణి ఉన్నదంతా అమ్మి బీదలకు ఇమ్మన్నాడు. పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి చెల్లిస్తాననీ అంటే, ఇంకో సగం సంగతేమిటని అడగలేదు, రక్షణ ఈ ఇంటికి వచ్చిందన్నాడు. పుదీనా, సోపు, జీలకర్రలో కూడా పదోవంతు లెక్క తప్పని పరిసయ్యులను, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే వర్గంవారిని మాత్రం, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారని కడిగేశాడు. శాతం కోసం వెతికేవారికి సువార్తల్లో నిరాశే మిగులుతుంది.

'ఆకాశపక్షులను చూడుడి' అన్న కొండమీది ప్రసంగపు మాటకు రెండు అపార్థాలున్నాయి. పని చేయనక్కరలేదని ఒకటి, దాచుకోవడమే పాపమని ఇంకొకటి. ఆ మాటలు విన్నవారు ఎవరో గుర్తుంచుకోవాలి. రోజుకూలీలు, జాలరులు, సుంకాల కింద నలిగిన రైతులు. రేపు ఏమి తింటామన్నది వారికి తీరుబడి వేళ కలిగే దిగులు కాదు, పూట గడవని నిజం. వారికి చెప్పినది 'మీ తండ్రికి తెలుసు' అని. ఆ ప్రసంగంలోనే దానికి ముందు బీదలకు ధర్మం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దన్న హెచ్చరిక ఉంది, దేవునికీ సిరికీ ఒకేసారి దాసులుగా ఉండలేరన్న మాట ఉంది. చింత, కూడబెట్టడం, ఇవ్వడం మూడూ ఒకే సంభాషణలో వస్తాయి. చింత ఎక్కువైనవాడు కూడబెడతాడు, కూడబెట్టినవాడి చేయి బిగుసుకుంటుంది, ఆ బిగుసుకున్న చేతివల్ల ఇంకొకడికి చింత మొదలవుతుంది.

యేసు తాను ఎలా బతికాడన్నది లూకా 8వ అధ్యాయం మొదటి మూడు వచనాల్లో ఉంది. మగ్దలేనే అనబడిన మరియ, హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలు తమ ఆస్తితో ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేశారు. ఐదు రొట్టెలను వేలమందికి పంచినవాడు మామూలు రోజుల్లో ఆ స్త్రీలు పెట్టినది తిన్నాడు. శిష్యులను మొదటిసారి పంపినప్పుడు సంచీ, జాలె వద్దన్నాడు, ఏ ఇంట్లో ఆదరిస్తే ఆ ఇంట్లో తినమన్నాడు. చివరి రాత్రి మాత్రం, ఇప్పుడైతే సంచీ ఉన్నవాడు తీసుకువెళ్ళాలన్నాడు. రెండు ఆజ్ఞలూ లూకాలోనే ఉన్నాయి. విశ్వాసమంటే ఎప్పుడూ ఖాళీ చేతులతో బయలుదేరడమే అని సూత్రం చేసుకుంటే ఆ రెండో మాటను చింపేయాలి.

బీద విధవరాలి రెండు కాసుల కథను కానుకల వేళ చదవడం మన ఆచారం. మార్కు సువార్తలో దాని ముందు వచనం ఏమిటో చూడండి. విధవరాండ్ర ఇళ్ళు దిగమింగుతూ, మాయవేషంగా దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రుల గురించి యేసు హెచ్చరిస్తున్నాడు. ఆ వెంటనే ఒక విధవరాలు వచ్చి తన జీవనమంతా పెట్టెలో వేస్తుంది. ఆ తరువాతి అధ్యాయం మొదట్లోనే, ఈ దేవాలయంలో రాయి మీద రాయి నిలవదని ఆయన చెబుతాడు. ఆమె భక్తి గొప్పది, అందులో సందేహం లేదు. కాని ఆమెకు దిక్కుగా ఉండాల్సిన వ్యవస్థ ఆమె చివరి కాసు కూడా తీసుకుంది. ఈ కథతో పేదవారి దగ్గర కానుక పట్టేవారు తాము కథలో ఏ పాత్రలో ఉన్నారో చూసుకోవడం మంచిది.

మన్నా నుంచి కొరింథు వరకు

ఈ మొత్తం బోధకు తాళంచెవి నా దృష్టిలో 2 కొరింథీయులకు రాసిన పత్రిక 8, 9 అధ్యాయాలు. యెరూషలేము సంఘంలో పేదరికం ఎక్కువగా ఉంది. పౌలు మాసిదోనియ, అకయ, గలతియ ప్రాంతాల్లోని సంఘాల నుంచి వారికోసం డబ్బు సేకరించడానికి ఏళ్ళ తరబడి తిరిగాడు. ఇచ్చేవారు ఎక్కువగా యూదేతరులు, పుచ్చుకునేవారు యూదులు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చా అన్న గొడవ ఇంకా చల్లారని కాలం అది.

ఆ పత్రికలో పౌలు ఎక్కడా పదోవంతు అని అడగలేదు. అడిగి ఉంటే పని తేలికయ్యేది. దానికి బదులు నిర్గమకాండం 16వ అధ్యాయంలోని మన్నాను, అంటే ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారాన్ని గుర్తుచేశాడు. అరణ్యంలో తెల్లవారేసరికి నేల మీద మన్నా ఉండేది. తలకు ఒక ఓమెరు అనే కొలత. కొందరు ఎక్కువ ఏరారు, కొందరు తక్కువ. కొలిచి చూస్తే ఎక్కువ ఏరినవాడికి మిగలలేదు, తక్కువ ఏరినవాడికి తక్కువ కాలేదు. మరునాటికి దాచినది పురుగుపట్టి కంపుకొట్టింది. విశ్రాంతి దినం కోసం దాచినది మాత్రం చెడలేదు. దాచడం మీదే నిషేధం లేదన్నమాట. రేపు రాదన్న భయంతో దాచినదే కుళ్ళింది.

అరణ్యంలో ఆ సమానత్వం అద్భుతం వల్ల వచ్చింది. కొరింథులో అద్భుతం జరగదు, అక్కడ ఆ పని మీరు చేయాలి అంటున్నాడు పౌలు. ఇప్పుడు మీ సమృద్ధి వారి లోటును తీర్చాలి, రేపు వారి సమృద్ధి మీ లోటును తీరుస్తుంది, అలా సమానత్వం కలగాలి అన్నది 8:14 సారం. ఇతరులకు తెరిపి, మీకు శ్రమ కలగాలని నా ఉద్దేశం కాదని దాని ముందే రాశాడు. ఒకడు ఇవ్వాల్సింది అతనికి ఉన్నదాన్ని బట్టే గాని లేనిదాన్ని బట్టి కాదన్న స్పష్టమైన మాట 12వ వచనంలో ఉంది. 'దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును' అన్న ప్రసిద్ధ వాక్యం 9వ అధ్యాయంలోది. అదే వచనంలో దానికి ముందు సణుగుకుంటూ గాని బలవంతంగా గాని ఇవ్వవద్దని ఉంది. బలవంతం వద్దన్న మాట ఇచ్చేవాడికి ఎంత వర్తిస్తుందో అడిగేవాడికీ అంతే వర్తిస్తుంది.

'నా దేవుడు మీ ప్రతి అవసరమును తీర్చును' అని ఫిలిప్పీయులకు చెప్పిన మాటను గోడ క్యాలెండర్ల మీద చూస్తుంటాం. అది జైల్లో ఉన్న పౌలు తనకు డబ్బు పంపినవారికి రాసిన కృతజ్ఞతా పత్రంలోది. వారి చేతులు అతని అవసరం తీర్చాయి, ఇక వారి అవసరం సంగతి దేవుడు చూస్తాడని అతని ధీమా. కొరింథులో మాత్రం అతడు అకులతో కలిసి డేరాలు కుట్టి తన తిండి తాను సంపాదించుకున్నాడు. సువార్తికుడికి జీతం తీసుకునే హక్కు ఉందని వాదించి, ఆ హక్కును తాను వాడుకోనని చెప్పాడు. ఒకచోట పుచ్చుకున్నాడు, ఒకచోట వద్దన్నాడు. డబ్బు ఇచ్చేవాడు తనను కొనుక్కున్నానని అనుకునే ప్రమాదం ఉన్నచోట వద్దనడం మేలని అనిపించి ఉంటుంది.

కొత్త నిబంధన కాలం దాటగానే డబ్బు చిక్కులు ఎంత తొందరగా వచ్చాయో 'దిదఖే' అనే పురాతన క్రైస్తవ నియమావళి చూపిస్తుంది. ఊరికి వచ్చిన ప్రవక్త మూడు రోజులు తిష్ఠ వేస్తే అబద్ధ ప్రవక్త. వెళుతూ డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో నాకు డబ్బివ్వండి అన్నవాడి మాట వినవద్దు, అవసరంలో ఉన్న ఇతరుల కోసం అడిగితే మాత్రం ఎవరూ అతన్ని తీర్పు తీర్చవద్దు. ఇంత సూటి కొలబద్దను మన సభల బయట బోర్డు మీద రాయించాలనిపిస్తుంది. సుమారు 155లో రోములో ఉన్న క్రైస్తవ రచయిత జస్టిన్ ఆదివారపు ఆరాధనను వర్ణిస్తూ, వసూలైన డబ్బు అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, పరాయి ఊరివారికి వెళ్ళేదని రాశాడు. తరువాతి కథ తెలిసినదే. 585లో ఫ్రాన్సులోని మాకాన్‌లో జరిగిన బిషప్పుల సభ దశమ భాగాన్ని తప్పనిసరి చేసింది, ఎనిమిదో శతాబ్దంలో ఫ్రాంకుల రాజు షార్లమేన్ దాన్ని రాజశాసనం చేశాడు. ఇంగ్లండులో రైతులు గుడికి పంటలో పదోవంతు చట్టప్రకారం చెల్లిస్తూ వచ్చారు. 1836లో చేసిన చట్టం దాన్ని నగదు రూపంలోకి మార్చింది.

బ్రిస్టల్ నుంచి నరసాపురానికి

సరిగ్గా ఆ 1836లోనే, ఆ ఇంగ్లండులోనే, బ్రిస్టల్ నగరంలో జార్జి మ్యూలర్ ఒక అద్దె ఇంట్లో అనాథాశ్రమం తెరిచాడు. ప్రష్యాలో పుట్టిన మ్యూలర్ హాలే నగరంలో చదువుకున్నాడు. ఫ్రాంకే అనే భక్తుడు అంతకు శతాబ్దం ముందు ప్రార్థన మీద ఆధారపడి అక్కడ పెద్ద అనాథాశ్రమం కట్టాడు. (జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు మొట్టమొదట అచ్చు వేయించింది ఆ హాలేలోనే, 1746 ప్రాంతంలో.) మ్యూలర్ 1830లోనే పాస్టరుగా తనకు వచ్చే స్థిర జీతాన్ని వదులుకున్నాడు. గుడిలో మంచి బల్లలకు ధనికుల నుంచి అద్దె వసూలు చేసే పద్ధతి ఆ జీతానికి ఆధారం. పేదవాడు వెనక నిలబడాల్సి వస్తోందని అతనికి అది నచ్చలేదు. తలుపు దగ్గర ఒక పెట్టె పెట్టించాడు.

అతని నియమాలు ప్రసిద్ధం. అప్పు చేయకూడదు, ఏ మనిషినీ డబ్బు అడగకూడదు, దేవుణ్ణి మాత్రమే అడగాలి. 1898లో చనిపోయేనాటికి బ్రిస్టల్‌లోని యాష్లీ డౌన్ మీద ఐదు పెద్ద భవనాలు, రెండు వేలకు పైగా పిల్లలకు ఒకేసారి చోటు, మొత్తం మీద పదివేలమందికి పైగా పెరిగి వెళ్ళిన అనాథలు. ఈ కథను మన ప్రసంగాల్లో సాధారణంగా ఒక వైపునుంచే చెబుతారు, తెల్లవారితే పాలు లేవు, ప్రార్థించారు, పాలు వచ్చాయి అని. రెండో వైపు కూడా చూడాలి. మ్యూలర్ ఏటా అచ్చు వేసిన నివేదికల్లో వచ్చిన ప్రతి కానుకా, ఖర్చూ ఉండేవి. ఇచ్చినవారికి రశీదు వెళ్ళేది. ఆ నివేదికలే పరోక్షంగా అడగడం కాదా అని అప్పుడే విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది, వేలమంది చదివే నివేదిక డబ్బును తెస్తుంది. అతనికీ ఆ సంగతి తెలుసు. 1841 చివర ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు, అడుక్కున్నట్టు ఉంటుందని ఆ ఏటి నివేదికను వాయిదా వేశాడు. మన రోజుల్లో అవసరం పెద్దదైనకొద్దీ పోస్టర్లు పెద్దవవుతాయి.

మ్యూలర్ భార్య మేరీకి సోదరుడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఎక్సెటర్ పట్టణంలో మంచి రాబడి ఉన్న దంతవైద్యుడు. మొదట పదోవంతు, తరువాత నాలుగో వంతు, చివరికి అంతా ఇచ్చేసి, 1829లో బాగ్దాదుకు సువార్తికుడిగా వెళ్ళాడు. 1831 నాటి ప్లేగులో అక్కడ భార్యను పోగొట్టుకున్నాడు. తరువాత భారతదేశం చూసి, ఇంగ్లండుకు పోయి, 1836లో తిరిగి వస్తూ డెవన్ ప్రాంతపు రెండు శ్రామిక కుటుంబాలను వెంట తెచ్చాడు. విలియం బౌడెన్, జార్జి బీర్. ఒకరు రాతిపనివాడు, మరొకరు చెప్పులు కుట్టేవాడు. నెలజీతం హామీ ఇచ్చే సంఘమేదీ వారి వెనక లేదు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో వారు మొదలుపెట్టిన పనే గోదావరి డెల్టా మిషన్. ఆ జిల్లాల్లోని బ్రదరెన్ సంఘాల మూలాలు అక్కడే ఉన్నాయి. స్థిర జీతం లేకుండా, వచ్చినదానితో సరిపెట్టుకుంటూ సేవ చేసే పద్ధతి ఆ సంఘాల్లో ఇప్పటికీ గౌరవంగా చూస్తారు.

గ్రోవ్స్ సొంత కథ మాత్రం అంత నున్నగా లేదు. అతడు చిత్తూరులో స్థిరపడి, సువార్తికులు తమ కష్టంతో తాము బతకాలన్న ఉద్దేశంతో వ్యవసాయం మొదలుపెట్టాడు. మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచాడు. పని పెంచడానికి అప్పు తెచ్చాడు. అది దెబ్బతింది. అప్పు మీద అంత గట్టి అభిప్రాయాలున్న బృందంలోని మనిషి ఏళ్ళ తరబడి అప్పు భారంతో కుంగిపోయాడు. 1852లో ఇంగ్లండు తిరిగి వెళ్ళి, మరుసటి ఏడు బ్రిస్టల్‌లో మ్యూలర్ ఇంట్లోనే కన్నుమూశాడు. ఒకే కుటుంబం, ఒకే విశ్వాసం, ఒకే కాలం. బ్రిస్టల్‌లో భవనాలు లేచాయి, చిత్తూరులో తోట పోయింది. విశ్వాసం ఉంటే వృద్ధి, లేకపోతే నష్టం అని లెక్క చెప్పేవారు ఈ ఇద్దరు బావమరుదులను పక్కపక్కన పెట్టి చూడాలి. గ్రోవ్స్ విశ్వాసం తక్కువైందని మ్యూలర్ అనలేదు, చివరి రోజుల్లో అతనికి తన ఇంట్లో మంచం వేశాడు.

పేదవారి చేతులు

విదేశీ డబ్బుతో నడిచిన సంఘాల్లో దాతృత్వం అంటే పుచ్చుకోవడమే అన్న అలవాటు పెరగడం సహజం. దాన్ని ఎదిరించినవారిలో వి.ఎస్. అజరయ్య ముఖ్యుడు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టినవాడు. 1903లో అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతోనే ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. వారు ఎంచుకున్న సేవాక్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్, ఇప్పటి తెలంగాణలో మహబూబాబాద్ జిల్లా. అజరయ్య అక్కడికి సువార్తికుడిగా వెళ్ళి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో అతడు పాశ్చాత్యులతో అన్న మాట చరిత్రలో నిలిచింది. పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను కూడా అర్పించారు, మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి అన్నాడు. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉన్నంతకాలం స్నేహం కుదరదని అతనికి తెలుసు. పౌలు సమానత్వం అన్నది దీని గురించే.

డోర్నకల్ అధ్యక్ష ప్రాంతపు, అంటే అతని బిషప్పు పరిధిలోని విశ్వాసుల్లో అధికులు మాల, మాదిగ కూలీలు. వారు ఇవ్వలేరని అజరయ్య అనుకోలేదు, ఇవ్వడం నేర్పాడు. తెలుగు పల్లెల్లో కానుక అంటే నోటు ఒక్కటే కాదు కదా. పంట పండుగనాడు ధాన్యం, కోళ్ళు, గుడ్లు, గుమ్మడికాయలు వస్తాయి. వాటిని వేలం వేస్తే ఒక గుమ్మడికాయ బజారు ధరకు పదింతలు పలుకుతుంది. వేలంలో పంతాలు కూడా ఉంటాయనుకోండి, అది వేరే సంగతి. వంట చేసేటప్పుడు సంఘం కోసం ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన కుండలో వేసే అలవాటు మన ఊళ్ళలో ఎన్నోచోట్ల ఉండేది. మిజోరం ప్రెస్బిటేరియన్ స్త్రీలు ఇదే పద్ధతిని వందేళ్ళకు పైగా నడుపుతూ, ఆ బియ్యం డబ్బుతో సువార్తికులను పోషిస్తున్నారు. పిడికెడు బియ్యంలో శాతం ఉండదు. ఇంట్లో ఆ పూట ఎసరు పెడితేనే అది వస్తుంది, పస్తు ఉన్న ఇంటిని ఎవరూ అడగరు. ఉన్నదాన్ని బట్టే గాని లేనిదాన్ని బట్టి కాదన్న పౌలు మాటకు ఇంతకన్నా కచ్చితమైన అమలు నాకు తెలియదు.

1876 నుంచి 1878 వరకు సాగిన కరువులో ఒంగోలులో జరిగినది కూడా చెప్పుకోవాలి. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి పని ఇచ్చాడు. ఆ కాలంలో బాప్తిస్మం ఇమ్మని అడిగినా వాయిదా వేశాడు, అన్నం కోసం మతం అన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దానాన్నీ విశ్వాసాన్నీ బేరంగా మారనీయకుండా పట్టిన ఆ జాగ్రత్తను ఈనాటి సభల్లో వెతుక్కోవాలి.

విత్తనం ఎవరి పొలంలో పడుతోంది?

ఇప్పుడు నాలుగో సంగతి. అమెరికా ప్రసంగికుడు ఓరల్ రాబర్ట్స్ గత శతాబ్దపు మధ్యలో ప్రచారం చేసిన బోధ ఇది. డబ్బు విత్తనం లాంటిది, నీ అవసరం ఎంత పెద్దదో అంత పెద్ద విత్తనం సేవలో విత్తు, దేవుడు ఎన్నో రెట్లు తిరిగి ఇస్తాడు. ఇంటి కోసం విత్తనం, వీసా కోసం విత్తనం, సంతానం కోసం విత్తనం అని ఇది మన టీవీ తెరల మీద కొత్త కొమ్మలు వేసింది. తెర కింద బ్యాంకు ఖాతా నంబరు నడుస్తూ ఉంటుంది.

న్యాయంగా చెప్పాలంటే ఈ బోధకూ వచనాలున్నాయి. సమృద్ధిగా విత్తేవాడు సమృద్ధిగా కోస్తాడని పౌలే రాశాడు. ఆ కోత దేనికోసమో కూడా ఆ వెంటనే రాశాడు, ప్రతి మంచి పనీ చేయడానికి మీకు చాలినంత ఉండాలని, మరింత ఉదారంగా ఇవ్వగలగాలని. విత్తనం పడే పొలం యెరూషలేము పేదల ఇల్లు, పౌలు ఇల్లు కాదు. 'ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును' అన్న లూకా మాట తీర్పు తీర్చవద్దు, క్షమించండి అన్న మాటల వెంట వస్తుంది, తిరిగి వస్తుందని ఆశించకుండా అప్పివ్వండి అన్న మాట దానికి కొన్ని వచనాల పైనే ఉంది. తిరిగి రావాలనే ఇచ్చినదాన్ని ఆ అధ్యాయం దానంగా లెక్కించదు. నూరు రెట్లు వాగ్దానం చేసిన మార్కు 10:30లో ఇళ్ళు, అన్నదమ్ములు, భూములతో పాటు 'హింసలతోకూడ' అన్న మాట ఉంది. నూరు రెట్ల విత్తనం అమ్మేవారు ఆ భాగాన్ని ప్యాకెట్టు మీద అచ్చు వేయరు.

ఈ బోధ ఎందుకు ఇంత పట్టు సాధించిందో కూడా అర్థం చేసుకోవాలి. వడ్డీ వ్యాపారి, ఆసుపత్రి, కాలేజీ ఫీజు మధ్య నలిగే మనిషికి 'దేవుడు చూసుకుంటాడు' అన్న మాట ఒక్కటీ చాలదు. ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది, ఆ చేయాల్సిన పనిని ఈ బోధ అందిస్తుంది. సంఘం అతని పక్కన నిలబడి ఉంటే అతనికి ఆ విత్తనం కొనే అవసరం రాకపోవచ్చు. చలితో ఉన్న సోదరుడికి బట్ట ఇవ్వకుండా 'సమాధానంగా వెళ్ళు, చలి కాచుకో' అంటే ఏమి ప్రయోజనం అని యాకోబు అడిగింది ఇలాంటి సంఘాన్నే.

అప్పుల్లో ఉన్న కుటుంబం పదోవంతు ఇవ్వాలా అన్న ప్రశ్నకు మార్కు 7వ అధ్యాయం దారి చూపుతుంది. తల్లిదండ్రులకు ఖర్చు పెట్టాల్సిన డబ్బును 'కొర్బాను', దేవునికి అర్పితం అని ప్రకటించి వారిని గాలికి వదిలేసే ఆచారాన్ని యేసు తీవ్రంగా ఖండించాడు. దేవుని పేరు మీద ఇచ్చిన ప్రతిదీ దేవుడు పుచ్చుకోడన్నమాట. స్వకీయులను, ముఖ్యంగా తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని 1 తిమోతి 5:8 అంటుంది. తల్లి మందులు ఆపి, బడి ఫీజు ఎగ్గొట్టి, అప్పు తెచ్చి కానుక ఇమ్మని చెప్పే వచనం నేను చదివిన బైబిల్లో లేదు. అలా ఇవ్వలేకపోతున్నవారిని శాపం పేరుతో భయపెట్టడం దోపిడీ. మెత్తని మాట వెతకడం నాకు ఇష్టం లేదు.

ఇచ్చే స్తోమత ఉన్నవారు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, లెక్కలు ఎక్కడ? అది విశ్వాసం లేనివాడి ప్రశ్న అని కొందరు కసురుకుంటారు. పౌలు మాత్రం ఆ చందా తీసుకువెళ్ళడానికి సంఘాలు ఏర్పరచిన మనుషులనే వెంట పెట్టుకున్నాడు. ఈ పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మా మీద తప్పు మోపకూడదు, ప్రభువు ఎదుటనే గాక మనుష్యుల ఎదుట కూడా యోగ్యంగా ఉండాలని చూస్తున్నాం అని 8:20, 21లో రాశాడు. దేవుడు చూస్తే చాలునని అతడు అనుకోలేదు.

ఆ డబ్బుతో అతడు యెరూషలేము చేరాడు. కొద్ది రోజులకే దేవాలయంలో గలాటా జరిగి బందీ అయ్యాడు. కైసరయలో గవర్నరు ఫేలిక్సు ముందు నిలబడి, నా స్వజనులకు దానద్రవ్యం తెచ్చానని చెప్పాడు. ఆ మాట విన్న ఫేలిక్సు, పౌలు తనకు డబ్బిస్తాడేమోనని ఆశించి మాటిమాటికీ పిలిపించి మాట్లాడుతూ ఉండేవాడని అపొస్తలుల కార్యములు 24:26 చెబుతుంది. సంఘాలన్నీ ఎరిగిన మనిషి, అడిగితే ఇచ్చేవారు ఎందరో ఉన్నారు. ఇచ్చినట్టు లేదు. రెండేళ్ళ తరువాత ఫేలిక్సు పదవి నుంచి దిగిపోయి వేరే గవర్నరు వచ్చేనాటికి కూడా పౌలు కైసరయ చెరలోనే ఉన్నాడు.